చలికాలంలో ఇంట్లో సైక్లింగ్: వీల్-ఆన్ ట్రైనరా, డైరెక్ట్ డ్రైవా?

ఇంట్లోనే సైకిల్ తొక్కడానికి దాని వెనక భాగాన్ని బిగించే స్టాండే ట్రైనర్. సైక్లింగ్ యాప్‌తో కలిసే స్మార్ట్ ట్రైనర్ అయితే, యాప్‌లో కొండ ఎదురైతే పెడల్ బరువెక్కడం రెండు రకాల్లోనూ ఉంటుంది. తేడా అంతా వెనక చక్రం దగ్గరే.

వీల్-ఆన్‌లో చక్రం తీయక్కర్లేదు. యాక్సిల్ బిగించి, టైరును రోలర్‌కి ఆనిస్తే సరి. ధర తక్కువ, మడిచి మూలన పెట్టేయొచ్చు. చిక్కంతా టైరుతోనే. గాలి కాస్త తగ్గినా, రోలర్‌ను టైరుకి నొక్కి పట్టే నాబ్ అర చుట్టు వదులైనా పవర్ లెక్క (ఎన్ని వాట్ల శక్తితో తొక్కుతున్నారో) మారిపోతుంది. అందుకే 10 నిమిషాలు తొక్కి, టైరు వేడెక్కాక కాలిబ్రేషన్ చేయాలి, అంటే ట్రైనర్ లెక్కను సరిచేసుకోవాలి. గట్టిగా స్ప్రింట్ చేస్తే టైరు జారుతుంది. రోజూ తొక్కితే అరుగుతుంది కూడా, కింద నల్లటి రబ్బరు పొడి రాలుతుంది.

డైరెక్ట్ డ్రైవ్‌లో చక్రం తీసేసి, చైన్‌ను ట్రైనర్ క్యాసెట్ (గేర్ల పళ్ల చక్రాల సెట్) మీదే వేస్తాం. జారడానికి టైరే ఉండదు! శబ్దమూ తక్కువే. పవర్ లెక్కలో తేడా సాధారణంగా 1 నుంచి 2.5 శాతం, వీల్-ఆన్‌లో 3 నుంచి 5. బరువు, ఖరీదు మాత్రం ఎక్కువ. కొన్నింటికి క్యాసెట్ విడిగా కొనాలి, మీ సైకిల్ 11 స్పీడో 12 స్పీడో (వెనక ఎన్ని గేర్లో) ముందే చూసుకోండి.

అప్పుడప్పుడు కాళ్లు ఆడించడానికి వీల్-ఆన్ చాలు. వాట్లు చూసుకుంటూ ఇంటర్వెల్స్ (కాసేపు గట్టిగా, కాసేపు నెమ్మదిగా తొక్కడం) చేసేవాళ్లు డైరెక్ట్ డ్రైవే తీసుకోవాలని నా అభిప్రాయం. ఏది కొన్నా ఎదురుగా మంచి ఫ్యాన్ ఒకటి ఉండాల్సిందే, చలికాలమైనా సరే.