కిల్‌పెక్ పల్లె చర్చి: ఇరవై అయిదు నిమిషాల్లో చూసి వచ్చే కట్టడం కాదు

ఇంగ్లండ్‌లోని హెరెఫర్డ్ నుంచి కిల్‌పెక్ అనే పల్లెలోని పాత చర్చికి టాక్సీలో వెళ్ళాలనుకునేవారికి ముందుగా ఒక మాట చెప్పాలి. డ్రైవరు అక్కడ ఎంతసేపు ఆగుతాడో, అందుకు ఎంత తీసుకుంటాడో బయలుదేరేముందే ఫోన్ సందేశంలో రాయించుకోండి. స్టేషన్ బయట మేము కుదుర్చుకున్న బేరం రానూపోనూ 70 పౌండ్లు, అక్కడ గంటన్నర ఆగడం. మా నాన్నగారు మోకాళ్ళ నొప్పితో మెల్లగా నడుస్తారనీ, అందుకే అంత సమయం అడుగుతున్నామనీ మావారు ఆ డ్రైవరుకు విడమరచి చెప్పారు. అతడు తల ఊపాడు. ఇరవై అయిదు నిమిషాలు గడిచాయో లేదో, చర్చి ఆవరణ బయటి నుంచి హారన్ మోగడం మొదలైంది. వెళ్ళి అడిగితే, ఇకమీదట ఆగే ప్రతి అరగంటకూ 20 పౌండ్లు అదనం అన్నాడు. సమాధుల మధ్య నిలబడి తొమ్మిది శతాబ్దాల నాటి శిల్పాన్ని చూస్తున్న పెద్దమనిషిని హారన్ కొట్టి పిలవడం నాకు డబ్బు అడగడం కంటే ఎక్కువ బాధ కలిగించింది. మావారు వాదించకుండా ఒకవైపు ప్రయాణానికి 35 పౌండ్లు ఇచ్చి అతణ్ణి పంపేశారు. తిరిగి వచ్చేటప్పుడు ఊళ్ళోని పబ్‌లో ఉన్నవారు పిలిచి పెట్టిన వేరే టాక్సీ 31 పౌండ్లకే మమ్మల్ని స్టేషన్ దగ్గర దింపింది.

ఆ టాక్సీ వెళ్ళిపోవడమే మాకు మేలైంది. ఈ చర్చికి ప్రవేశ రుసుము లేదు. లోపల పూలు సర్దుతున్న ఒక వృద్ధురాలు నాన్నగారికి కుర్చీ వేసి, ఆ తరువాత తన పని పక్కన పెట్టి, దాదాపు గంటసేపు మాకు గోడగోడా చూపించారు. ఏమీ పుచ్చుకోలేదు. మేము విరాళాల పెట్టెలో 20 పౌండ్లు వేశాము. ఆమె ఇచ్చిన సమయానికి అది తక్కువే.

కిల్‌పెక్ హెరెఫర్డ్‌కు నైరుతి దిశలో, వేల్స్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న చిన్న పల్లె. విలియం ఫిట్జ్‌నార్మన్ అనే నార్మన్ ప్రభువు చేతిలో ఈ ఊరు ఉన్నట్టు 1086 నాటి డూమ్స్‌డే లెక్కల్లో, అంటే ఇంగ్లండ్ రాజు రాయించిన భూముల జాబితాలో, నమోదై ఉంది. ఆయన వంశీకుడైన హ్యూ 1134లో ఇక్కడి చర్చిని గ్లౌస్టర్ మఠానికి దానమిచ్చాడు. ఇప్పుడు మనం చూసే సెయింట్ మేరీ, సెయింట్ డేవిడ్ చర్చి ఇంచుమించు 1140 ప్రాంతంలో లేచింది. దాని పడమర పక్కనే ఆ ప్రభువుల కోట ఉండేది. ఇప్పుడు మట్టిదిబ్బ, దానిమీద రెండు మూడు గోడముక్కలు మాత్రమే మిగిలాయి. కోట కూలిపోయి, చర్చి నిలిచింది.

కట్టడం పెద్దది కాదు. భక్తులు కూర్చునే నేవ్, దాని తూర్పున మతగురువుల కోసం ఉద్దేశించిన చాన్సెల్, ఆ వెనుక ఆప్స్ అనే అర్ధవలయాకారపు గది ఒకే వరుసలో ఉన్నాయి. గోపురం లేదు, పడమటి గోడ నెత్తిన చిన్న గంటగూడు మాత్రమే ఉంది. దూరం నుంచి చూసి మావారు "దీనికోసమా బర్మింగ్‌హామ్ నుంచి వచ్చాం?" అన్నారు. దక్షిణ ద్వారం దగ్గరకు చేరాక ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ ద్వారం గురించి ఎంత చెప్పినా తక్కువే. తలుపు పైన అర్ధచంద్రాకారపు రాతిపలకలో ద్రాక్షగుత్తులతో జీవవృక్షం ఉంది. దాని చుట్టూ తిరిగిన కమాను నిండా పక్షులు, వింతమృగాలు, తమ తోకలను తామే మింగే పాములు ఉన్నాయి. ఎడమవైపు స్తంభం మీద లతల్లో చిక్కుకున్న యోధులు గీతలు గీతలుగా మడతలుపడ్డ దుస్తుల్లో ఒకరిపైన ఒకరు నిలిచి ఉన్నారు. కుడివైపు స్తంభశీర్షం మీద నోటి నుంచి ఆకులు వెళ్ళగక్కే మనిషి ముఖం ఉంది. ఇదంతా ఎర్ర ఇసుకరాయిలో చెక్కినదే. అయినా ఇన్ని శతాబ్దాల తరువాత కూడా పాము ఒంటిమీది చారలు వేలితో తడిమి లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. తడమకండి, చూసి ఆనందించండి. ఈ పనితనాన్ని కళాచరిత్రకారులు హెరెఫర్డ్‌షైర్ శిల్పశైలి అంటారు. పడమటి గోడ నుంచి నోరు తెరిచి ముందుకు పొడుచుకొచ్చిన డ్రాగన్ తలల్లో వైకింగ్ కళ పోలికను చూసేవారూ ఉన్నారు.

చూరు కింద గోడ చుట్టూ వరుసగా ఉన్న రాతి కార్బెళ్ళలో, అంటే గోడ నుంచి పొడుచుకొచ్చిన బొమ్మలు చెక్కిన రాతి దిమ్మెల్లో, 85 మిగిలాయి. పక్కపక్కనే ఒదిగిన వేటకుక్క, కుందేలు బొమ్మ మా అమ్మాయికి ఎంత నచ్చిందంటే, మమ్మల్నందరినీ అక్కడికే మళ్ళీ మళ్ళీ లాక్కెళ్ళింది. వాద్యం వాయించేవాడు, పొట్టేలి తల, కౌగిలించుకున్న జంట కూడా ఆ వరుసలో ఉన్నారు. షీలా నా గిగ్ అని పిలిచే స్త్రీ ప్రతిమ ఉన్నది కూడా ఇక్కడే. పెద్ద కళ్ళతో, రెండు చేతులతో యోనిని విప్పి చూపుతూ ఉన్న ఆ బొమ్మను చూసి నేను నాన్నగారి ముందు ఇబ్బంది పడ్డాను. ఆయన మాత్రం తొణకకుండా, "అమ్మా, మన అలంపురం మ్యూజియంలో లజ్జాగౌరి లేదూ?" అన్నారు. కర్నూలులో ఉద్యోగం చేసినంతకాలం ఆయన అలంపురం నవబ్రహ్మ ఆలయాలకు తరచుగా వెళ్ళేవారు. లజ్జాగౌరి కూడా ఇలాగే కాళ్ళు విప్పి ఉన్న దేవత. ఈ ప్రతిమ కామాన్ని గురించిన హెచ్చరిక అని కొందరు పండితులు, చెడును తరిమే రక్ష అనో సంతానానికి గుర్తు అనో మరికొందరు అంటారు. నాన్నగారు రెండో పక్షమే. దేవుడి ఇంటి గోడమీద సిగ్గుపడవలసినదేదీ చెక్కి ఉండరని ఆయన వాదన, నాకూ అదే సబబుగా తోచింది.

లోపల తొందరపడకుండా చాన్సెల్ కమాను దగ్గర ఆగండి. రెండువైపులా మూడేసి మంది పవిత్రపురుషులు ఒకరి తలపై ఒకరు నిలిచి ఉన్నారు. స్పెయిన్‌లోని సాంటియాగో డి కంపొస్టెలాలో ఇలాంటి స్తంభాలున్నాయనీ, ఈ ప్రాంతపు షాబ్డన్ చర్చిని కట్టించిన ఆలివర్ డి మెర్లిమండ్ అక్కడికి యాత్ర చేసి వచ్చాడు కాబట్టి ఆ భావన అలా ఇక్కడికి చేరిందనీ కొందరి ఊహ. దాటి లోపలికి వెళ్ళి తలెత్తితే, ఆప్స్ కప్పులో పక్కటెముకల్లాంటి రాతి పట్టీలు ఒకచోట కలుస్తాయి. ఆ కలయికలో సింహముఖాలు మెరుస్తాయి.

పల్లె చిన్నదిగా మిగిలిపోవడం వల్లనే ఈ చర్చి ఇలా దక్కిందని నా నమ్మకం. ఉన్ని వ్యాపారంతో డబ్బు చేరిన ఊళ్ళలో ఇలాంటి పాత చర్చిలను పడగొట్టి, తరువాతి కాలపు గోతిక్ శైలిలో ఎత్తైన చర్చిలు లేపారు.

హెరెఫర్డ్‌లో మా బస గదికి రాత్రికి 88 పౌండ్లు అయింది, శుభ్రంగా ఉంది. అంతకుమించి చెప్పవలసినదేమీ లేదు. శాకాహారులకు మధ్యాహ్న భోజనం వెంట తెచ్చుకోవడమే మంచిది. మేము తెచ్చుకున్న పులిహోరను నాన్నగారు కోటదిబ్బ దగ్గర కూర్చొని తృప్తిగా తిన్నారు. ఎండ ఉన్న రోజు ఎంచుకుని మధ్యాహ్నానికి చేరండి, అప్పుడు దక్షిణ ద్వారం మీద వెలుగు సూటిగా పడుతుంది. కనీసం రెండు గంటలు కేటాయించండి. సొంత కారు ఉన్నవారు ఇదే శిల్పశైలికి చెందిన జ్ఞానస్నానపు తొట్టి ఉన్న ఈర్డిస్లీ చర్చిని కూడా అదే రోజు కలుపుకోవచ్చు. పోరాడే యోధులను చెక్కిన ఆ తొట్టి కోసం మేము వేసవిలో కారు అద్దెకు తీసుకొని వెళ్ళబోతున్నాము.