బెజవాడ ‘ఫారిన్ కిట్’: ఏది కొనాలి, ఏది కొట్లోనే వదిలేయాలి

పిల్లల పాస్‌పోర్టులో వీసా పడిన వారంలోనే ఇంట్లో సామాన్ల వేట మొదలవుతుంది. విజయవాడ బీసెంట్ రోడ్డు నుంచి గుంటూరు అరండల్‌పేట దాకా కొన్ని ఎలక్ట్రికల్, స్టీలు సామాన్ల కొట్లు ఈ బేరం కోసమే ‘ఫారిన్ కిట్’ కట్టి ఉంచుతాయి. అందులో యూనివర్సల్ అడాప్టర్, మూడు లీటర్ల కుక్కర్, మిక్సీ లేదా రైస్ కుక్కర్, పవర్ బ్యాంకు, సూట్‌కేసు తూచే చేతి తక్కెడ ఉంటాయి. అడిగితే పచ్చళ్ల వాక్యూమ్ ప్యాకింగ్ కూడా వాళ్లే చేయించి ఇస్తారు. ఎండలో పది కొట్లు తిరిగే బాధ తప్పుతుంది, నిజమే. కానీ డల్లాస్‌కైనా, లండన్‌కైనా, బెర్లిన్‌కైనా కట్టేది ఒకటే పెట్టె. తిరకాసంతా అక్కడే. మొత్తం కిట్‌కి ఐదుకి రెండున్నర మార్కులు వేస్తున్నాం, ఆ రెండున్నర కూడా తక్కెడ, పచ్చళ్ల ప్యాకింగ్ పుణ్యమే.

ముందు అడాప్టర్ సంగతి. ‘ప్రపంచంలో ఎక్కడైనా పనిచేస్తుందండీ’ అని కొట్టతను అనే మాట పిన్నుల వరకు నిజం. అడాప్టర్ మార్చేది పిన్ను ఆకారాన్నే, కరెంటు వోల్టేజీని కాదు. మన ఇంట్లో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియాల్లోనూ అంతే, సాకెట్ రూపమే వేరు. అమెరికా, కెనడాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఫోను చార్జరు తిప్పి వెనకున్న సన్నక్షరాలు చదవండి. ‘ఇన్‌పుట్: 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంటే ఏ దేశంలోనైనా భయం లేదు. ఫోను, ల్యాప్‌టాప్, కెమెరా చార్జర్లన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. ఒక్క ‘230 వోల్టులు’ అనే ఉంటే ఆ వస్తువు అమెరికాకి పనికిరాదు, ఏ అడాప్టర్ పెట్టినా సరే.

ఈ చదరపు అడాప్టర్లలో ఇంకో రెండు లోపాలున్నాయి. చాలావాటిలో ఎర్త్ కలవదు. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ చార్జరు పెడితే లోహపు మూత మీద చెయ్యి ఆనినప్పుడు చిమచిమలాడేది అందుకే. రెండోది బరువు. అమెరికా సాకెట్ పట్టుకునేది రెండు పల్చటి రేకుల్ని. ఈ పెట్టె బరువుకి అవి సగం బయటికి వాలిపోతాయి, రాత్రంతా చార్జింగ్‌లో పెట్టామనుకున్న ఫోను పొద్దున్నే చచ్చి ఉంటుంది. కాబట్టి యూనివర్సల్‌ది ఒకటి చాలు, అదీ విమానాశ్రయాల్లో వాడుకోవడానికి. గదికి మాత్రం వెళ్లే దేశం పేరు చెప్పి, ఎర్త్ ఉన్న చిన్న అడాప్టర్లు మూడు కొనండి. బ్రిటన్‌కైతే లోపల ఫ్యూజు ఉన్నదే అడగాలి. జర్మనీ వెళ్లేవాళ్లు ముందు ఇంట్లో చార్జర్లు చూసుకోవాలి. మన సన్న రెండు పిన్నుల ఫోను చార్జర్లు చాలావరకు అక్కడి సాకెట్లో నేరుగా దిగుతాయి.

కిట్‌లో రైస్ కుక్కర్ ఉండి, వెళ్లేది అమెరికాకైతే దాన్ని అక్కడికక్కడే తీయించేయండి. వోల్టేజీ సగమైతే వేడి కూడా సగం వస్తుందిలే, కాస్త ఆలస్యమైనా అన్నం ఉడుకుతుందిలే అనుకుంటారు. లెక్క అలా పోదు. వోల్టేజీ సగమైతే వేడి పావుకి పడిపోతుంది. 700 వాట్ల కుక్కర్ 120 వోల్టుల మీద ఇచ్చేది సుమారు 190 వాట్లే. నీళ్లు మరగవు, బియ్యం గోరువెచ్చటి నీళ్లలో నానుతూ కూర్చుంటాయి. గంటయ్యాక మూత తీస్తే అడుగున జావ, పైన పలుకు. ఇండక్షన్ పొయ్యి అయితే అసలు వెలగదు, లో వోల్టేజీ అని ఎర్రరు చూపించి ఊరుకుంటుంది. 120 వోల్టుల రైస్ కుక్కర్ అమెరికాలో ఏ పెద్ద స్టోర్‌లోనైనా దొరుకుతుంది, ఇక్కణ్ణుంచి మోయడం దండగ.

మిక్సీ అలా కాదు. అక్కడి బ్లెండర్లు జ్యూసుకే బాగుంటాయి. కొబ్బరి పచ్చడికి, అల్లం వెల్లుల్లి ముద్దకి మన జార్లే కావాలి. అందుకే మన కంపెనీలు 110 వోల్టుల మోడళ్లు విడిగా చేస్తాయి, ప్రీతిలోనూ ఉన్నాయి. అలాంటిది తెప్పించి ఇచ్చే కొట్టయితే కిట్ ధర సమర్థించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, 110 వోల్టుల మిక్సీని మన గోడ ప్లగ్గులో పెట్టకూడదు. ‘ఒకసారి తిప్పి చూద్దాం’ అని ఇంట్లో స్విచ్ వేస్తే మోటారు గుర్రుమని అరిచి, వార్నిష్ కాలిన వాసనతో అక్కడికక్కడే పోతుంది. దానికి వారంటీ రాదు. తెలిసిన కొట్లలో కౌంటరు కింద వోల్టేజీ తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని దాని మీద తిప్పి చూపిస్తారు. ‘మీ ముందే టెస్ట్ చేసి ఇవ్వండి’ అని అడగండి, ఆ డబ్బా బయటికి తీశారా లేదా అన్నదాంట్లోనే కొట్టు సంగతి తేలిపోతుంది. ఇంట్లో ఉన్న 230 మిక్సీనే పట్టుకెళ్లి అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ కొంటామంటే, 750 వాట్ల మోటారుకి తగ్గ డబ్బా కొన్ని కిలోల బరువుంటుంది. కాలిపోతుందేమోనన్న భయం ఎటూ ఉంటుంది.

కుక్కర్ల విషయంలో కొట్టువాళ్లు వేసే తప్పటడుగు అడుగుదే. కిట్‌లో పెట్టేది ఎక్కువగా అల్యూమినియంది. యూరప్ అద్దె ఇళ్లలో ఇండక్షన్ పొయ్యి ఉంటే దాని మీద ఇది వేడెక్కదు. ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం బొమ్మ ఒకటి జేబులో వేసుకెళ్లి గిన్నె అడుక్కి ఆనించండి. గట్టిగా పట్టుకుంటేనే తీసుకోండి. గుండ్రటి అడుగు మూకుడు అద్దపు పొయ్యి మీద నిలవదు, బల్లపరుపు అడుగుదే కావాలి. గాస్కెట్లు రెండు, సేఫ్టీ వాల్వులు రెండు, వెయిట్ ఒకటి అదనంగా అదే కంపెనీవి, అదే సైజువి కొనండి. కిట్‌లో ఇవి ఎందుకు పెట్టరో అర్థం కాదు. పరదేశంలో గాస్కెట్ సాగిపోతే కుక్కర్ ఉత్త గిన్నె కిందే లెక్క.

ఇక పచ్చళ్ల ప్యాకింగ్. ఈ పనిలో మనవాళ్లది చెయ్యి తిరిగిన పనే, అయినా మనిషికీ మనిషికీ తేడా ఉంది. మంచి ప్యాకర్ కవరు నోరు రెండంగుళాలు బయటికి మడిచి అప్పుడు పచ్చడి వేస్తాడు. నిండాక మడత విప్పితే అతుకు పడే చోట నూనె చుక్క కూడా ఉండదు. మడవకుండా గరిటెతో నింపితే అంచుకి నూనె అంటుతుంది, నూనె మీద వేడి అతుకు పైకి అంటుకున్నట్టే కనిపించి సూట్‌కేసు ఒత్తిడికి విచ్చుకుంటుంది. ఆవకాయకి ఇంకో గండం, టెంక. లోపలి గాలి లాగేసినప్పుడు కవరు ముక్కలకి బిగుసుకుపోతుంది, టెంక అంచు సూదిలా గుచ్చి కంటికి కనిపించని చిల్లు పెడుతుంది. ఆవకాయ, మాగాయలకి దళసరి కవరు అడగండి, దాని మీద ఇంకో కవరు వేయించండి, రెండింటికీ జంట అతుకులు ఉండాలి. కారప్పొడి, కందిపొడి మిషన్‌లో నేరుగా పెడితే సన్నపొడి గాలితో పాటు లేచొచ్చి అతుకులో ఇరుక్కుంటుంది. ముందు మామూలు కవర్లో మూతి మడిచి, దాన్ని వాక్యూమ్ కవర్లో పెట్టాలి. వేయించిన పొడి పూర్తిగా చల్లారాకే కట్టాలని వేరే చెప్పక్కర్లేదు. కిలో కవర్లు వద్దు, పావుకిలో, అరకిలోవి చేయించుకోండి. ఒకటి పోయినా మిగిలినవి దక్కుతాయి.

ఇంటికి తెచ్చాక అన్నింటినీ పాత పేపరు మీద తలకిందులుగా ఒక రాత్రి పెట్టండి. పొద్దున్నే పేపరు మీద నూనె మచ్చ కనిపిస్తే ఆ కవరు వెనక్కి. గోంగూర కవరు రెండు రోజుల్లో ఉబ్బితే లోపల తడి ఉండి పులుస్తున్నట్టు, దాన్ని ఇంట్లోనే తినేయండి. ప్యాకింగ్ కనీసం ప్రయాణానికి నాలుగు రోజుల ముందు చేయించమనేది అందుకే. ముందు రోజు రాత్రి హడావిడిగా చేయించేవాళ్లకి ఈ పరీక్షకి వ్యవధే ఉండదు.

ఏది కట్టించుకోవచ్చో కొట్టువాళ్లని అడక్కండి, వాళ్లు అన్నీ కడతారు. కోడి, రొయ్య పచ్చళ్ల సీసాలు పక్కపక్కనే ఉంటాయి కదా అని రెండూ పెట్టించేవాళ్లున్నారు. కోడి లాంటి మాంసం పచ్చళ్లు అమెరికాలోకి రానివ్వరు. యూరోపియన్ యూనియన్‌లోకి, బ్రిటన్‌లోకి మాంసంతో పాటు పాల పదార్థాలూ నిషేధమే, అంటే పాలకోవా, నెయ్యి కూడా. పచ్చి కరివేపాకు రెమ్మ అమెరికాలో చెత్తబుట్టకే పోతుంది, నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుంది కాబట్టి. దుబాయ్ వెళ్లేవాళ్లు మసాలాలో గసగసాలు ఉన్నాయేమో మరీ మరీ చూసుకోవాలి, అక్కడ అది మత్తుపదార్థాల కేసు. ఎండు కొబ్బరి చిప్పలు చెక్ ఇన్ సామానులో పెట్టడానికి మన విమానాశ్రయాల్లోనే 2022 నుంచి వీల్లేదు. అక్కడ దిగాక ఫారంలో తినే వస్తువులున్నాయా అని అడిగితే ఉన్నాయనే రాయండి. రాస్తే మహా అయితే ప్యాకెట్ పోతుంది, దాస్తే జరిమానా పడుతుంది.

పవర్ బ్యాంకు కాబిన్ బ్యాగులోనే ఉండాలి, కిట్ పెట్టెతో పాటు సూట్‌కేసులోకి పోనివ్వకండి. 20,000 ఎంఏహెచ్ దంటే 74 వాట్ అవర్లు, 100 దాకా పర్వాలేదు. అలాగే ఒక అడాప్టర్, ఒక చార్జరు, ఒక దుప్పటి, ఒక జత బట్టలు కాబిన్‌లోనే ఉండాలి. అడాప్టర్ సీలు కూడా విప్పకుండా సూట్‌కేసులో పెట్టి, ఆ సూట్‌కేసు రెండు రోజులు ఆలస్యమై, ఇంటి అడ్రసున్న ఫోను ఆరిపోయి టెర్మినల్లో నిలబడే కొత్తవాళ్లు ప్రతి సీజనులోనూ ఉంటారు. చేతి తక్కెడ మాత్రం ప్రాణం నిలబెడుతుంది. సూట్‌కేసుకి 23 కిలోలైతే ఇంట్లో 22 దగ్గర ఆపేయండి.

దిగిన వారంలో ‘మీరిచ్చిన అడాప్టర్ కాలిపోయింది’ అని ఇక్కడి కొట్టుకి వాట్సాప్ చేసేవాళ్లలో చాలామందిది అడాప్టర్ తప్పు కాదు. అమెరికా అపార్ట్‌మెంట్లలో పడగ్గది పైకప్పుకి లైటు లేని చోట తలుపు పక్క స్విచ్ గోడ సాకెట్‌కే కలిపి ఉంటుంది. ఆ స్విచ్ ఆపి ఉంటే సాకెట్ పనిచేయదు. వంటగదిలో, బాత్‌రూమ్‌లో సాకెట్ మధ్య రెండు చిన్న బొత్తాలుంటాయి. తడి వల్లనో, పాత వస్తువు వల్లనో అది ట్రిప్ అయితే దాని వెనకాల కలిపిన సాకెట్లన్నీ చచ్చిపోతాయి. ‘రీసెట్’ అని ఉన్న బొత్తం గట్టిగా నొక్కితే టక్కుమని లేస్తుంది. పోపు పెట్టినప్పుడు పొగకి అలారం మోగితే కిటికీ తెరవాలి, కారిడార్ తలుపు కాదు. ఆ తలుపు తీస్తే పొగ కారిడార్‌లోకి పోయి బిల్డింగు మొత్తానికి అలారం మోగుతుంది, అందరూ రోడ్డు మీదకి వస్తారు. పొయ్యి మీది ఫ్యాను ఉంది కదా అనుకోకండి, చాలా ఇళ్లలో అది పొగని జాలీలో వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. నూనె సన్నసెగ మీద కాచి, పొయ్యి ఆపాక ఎండుమిరపకాయలు వేయండి.