వీ-యూఎస్‌బీ సమీక్ష: చవక చిప్పుతో చెరువు నీటి వేడిని కొలిచే పరికరం

ఏటీమెగా8 అనే చవక మైక్రోకంట్రోలర్‌లో (ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటర్) యూఎస్‌బీ సదుపాయం లేదు. ఆ లోటును కేవలం సాఫ్ట్‌వేర్‌తో తీర్చే వీ-యూఎస్‌బీ లైబ్రరీని (సిద్ధంగా దొరికే కోడ్) ఆధారం చేసుకుని, భీమవరం దగ్గర మా రొయ్యల చెరువు నీటి ఉష్ణోగ్రతను కంప్యూటర్‌లో నమోదు చేసే పరికరాన్ని ఇంట్లోనే తయారు చేశాను. రెండు పంటలపాటు వాడి చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను.

చిప్పు, దాని వేగాన్ని నిర్ణయించే 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, యూఎస్‌బీ తీగల్లో వోల్టేజీని హద్దులో ఉంచే రెండు జీనర్ డయోడ్లు, కొన్ని రెసిస్టర్లు, పాత మౌస్ నుంచి కోసిన తీగ, నీటిలో ముంచడానికి వీలున్న డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్: అన్నీ కలిపి నాకు 400 రూపాయలు దాటలేదు. రాసిన కోడ్‌ను చిప్పుకు అర్థమయ్యేలా మార్చే ఏవీఆర్-జీసీసీ, దాన్ని చిప్పుకు పంపే ఏవీఆర్‌డ్యూడ్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితమే. చిప్పులోకి ప్రోగ్రామ్ ఎక్కించే యూఎస్‌బీఏఎస్‌పీ అనే పరికరం (ప్రోగ్రామర్) కూడా ఇదే లైబ్రరీ మీద నడుస్తుంది. దాన్ని ఇంట్లోనే చేసుకోవాలన్నా అందులోని చిప్పులోకి ముందు ప్రోగ్రామ్ ఎక్కించాలి కనుక, తొలి చిప్పుకు మాత్రం ఎవరినైనా ప్రోగ్రామర్ అరువు అడగాల్సి ఉంటుంది.

జీనర్ల విషయంలో నాకు రెండు రోజులు వృథా అయ్యాయి. 3.6 వోల్టులవే కావాలని అడిగితే దుకాణదారు అవే ఇచ్చాడు గానీ, అవి లావుపాటి ఒక వాట్ రకం. వాటి కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణం) ఎక్కువ కావడంతో సంకేతాల అంచులు మొద్దుబారి, కంప్యూటర్ పరికరాన్ని గుర్తించలేదు. సన్నటి అర వాట్ రకం టంకం వేయగానే గుర్తించింది.

లైబ్రరీ 1150 నుంచి 1400 బైట్లలో ఒదిగిపోతుంది. ఆ పొదుపును మెచ్చుకోవలసిందే. అయితే దానికి పట్టుదల ఎక్కువ. 12 మెగాహెర్ట్జ్ దగ్గర ఇంటరప్ట్‌లను (చేస్తున్న పని ఆపి యూఎస్‌బీ సంకేతాన్ని వెంటనే అందుకోమని చిప్పుకు వచ్చే పిలుపులు) 25 క్లాక్ సైకిళ్లకు మించి, అంటే సుమారు 2 మైక్రోసెకన్లకు మించి ఆపకూడదు. డీఎస్18బీ20 లైబ్రరీలు మాత్రం ఒక్కో బిట్‌ను చదివేటప్పుడు అంతకు ఎన్నో రెట్ల సేపు వాటిని ఆపుతాయి. ఆ ఆపడం తీసివేసి, అందువల్ల చదవడంలో తప్పు దొర్లిందేమో సెన్సర్ పంపే 9 బైట్లలో చివరిదైన సీఆర్‌సీ అనే తనిఖీ బైట్‌తో సరిచూసి, తేడా వస్తే మళ్లీ చదివేలా మార్చుకున్నాను. కొలతకు పట్టే 750 మిల్లీసెకన్లు ఊరికే ఎదురుచూసినా ముప్పే, ఎందుకంటే యూఎస్‌బీ పనులు చూసుకునే యూఎస్‌బీపోల్ అనే ఫంక్షన్‌ను 50 మిల్లీసెకన్లకు ఒకసారైనా పిలుస్తూ ఉండాలి. కొలత ముగియకముందే చదివినందుకు మొదటి సాయంత్రం తెర మీద 85 డిగ్రీలు కనిపించాయి. అది సెన్సర్‌కు కరెంటు అందగానే ఉండే విలువ అని తెలిసేదాకా నాకు కాస్త కంగారే.

సీ భాష కొంతైనా రానివారికి దీనిని సిఫారసు చేయను. నా వరకు పెట్టిన డబ్బుకు మించి పనికొచ్చింది. అయితే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ ఎంత పడిపోయిందో ఉష్ణోగ్రత ఒక్కటే చెప్పలేదు కనుక, నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఎప్పుడు వేయాలన్నది ఇప్పటికీ మా కావలివాడే చూసుకుంటున్నాడు.