డిజానర్డ్ 2: రెండు ఇళ్ల కోసం కొనాల్సిన గేమ్

2016 నవంబరులో వచ్చిన, మంత్రశక్తులతో శత్రువుల కంటపడకుండా చాటుగా సాగే గేమ్ ఇది. సేల్ పెట్టినప్పుడల్లా బాగా తగ్గించి ఇస్తారు కాబట్టి కొనాలా వద్దా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొనొచ్చు, కానీ కథ కోసం మాత్రం కాదు. మొదటి భాగం అయిపోయిన 15 ఏళ్లకు డెలైలా అనే మంత్రగత్తె వచ్చి సింహాసనం లాక్కుంటుంది. రాణి ఎమిలీనో ఆమె తండ్రి కోర్వోనో ఎంచుకుని మనం బయల్దేరాలి. విలన్ మధ్యలో అక్కడక్కడా తప్ప కనపడదు. పగ పుట్టాలంటే ముఖమైనా కనపడాలి కదా.

కథ ఎక్కువభాగం కర్నాకా అనే ఊహానగరంలో నడుస్తుంది. రామగిరి, ఉరవకొండ వైపు గాలిమరలు చూసి పెరిగినోళ్లకి ఈ ఊరు వెంటనే తెలిసినదానిలా అనిపిస్తుంది. కొండ మీంచి దిగే గాలితో అక్కడ మరలు తిరుగుతాయి, దారికి అడ్డంగా నిలబెట్టిన కరెంటు గోడలకు పవర్ వాటి నుంచే. గోడ దగ్గర తలపడే బదులు వైరు వెంబడి పోయి మరనే ఆపేయండి. వైర్లు మార్చి కలిపే రీవైర్ టూల్ చేతిలో ఉంటే ఇంకా మేలు: గోడ మిమ్మల్ని వదిలేసి గార్డులను కాలుస్తుంది. కాకపోతే ఆ చావులు మీ లెక్కలోకే వస్తాయి.

ఇక ఆ రెండు ఇళ్లు. మొదటిది నాలుగో మిషన్‌లో జిందోష్ అనే యంత్రాల మేధావి కట్టుకున్న క్లాక్‌వర్క్ మాన్షన్. లీవర్ లాగితే నేల మడుచుకుంటుంది, గోడలు తిరుగుతాయి, హాలు ఉన్నచోట పడకగది లేస్తుంది. లోడింగ్ స్క్రీన్ చాటున చేసే మాయ కాదు, అన్నీ కళ్లముందే కదులుతాయి. గది మారుతున్నప్పుడు సందులోకి దూకితే గోడల వెనక పళ్లచక్రాల మధ్య నడవొచ్చు. లోపలికి రాగానే ఎదురుగా ఉన్న లీవర్‌ను చాలామంది లాగేస్తారు, మీరు ముట్టుకోకండి. పైకెక్కి అద్దం పగలగొట్టి దూరితే మీరు వచ్చినట్టు జిందోష్‌కి తెలియనే తెలియదు. ఇంటికి కాపలా ఉండే మరమనుషులతో జాగ్రత్త: వాటికి వెనక కూడా చూపు ఉంటుంది. తల ఎగరగొడితే గుడ్డివై, శబ్దం వచ్చిన వైపల్లా నరుకుతాయి, పక్కనున్న గార్డులనైనా సరే. వాటిని పగలగొట్టినా హత్య కింద రాదు.

రెండోది ఏడో మిషన్‌లో స్టిల్టన్ అనే గనుల యజమాని ఇల్లు. ఇక్కడ మీ శక్తులన్నీ తీసేసుకుని చేతికొక గడియారం ఇస్తారు. నొక్కితే కథ నడిచే 1852 నుంచి 1849కి, మళ్లీ నొక్కితే వెనక్కి. ఆ గడియారానికున్న అద్దపు రెక్కలు విప్పి అవతలి కాలంలో ఆ చోట ఎవరున్నారో ముందే చూసుకోవచ్చు. ఇప్పుడు కూలిపోయిన మెట్లు అప్పుడు బాగున్నాయి, అప్పుడు కాపలా ఉన్న గది ఇప్పుడు ఖాళీ. ఆ పాత కాలంలో స్టిల్టన్‌ని స్పృహ తప్పించి, తిరిగొచ్చి చూడండి. ఏం మారుతుందో ఇక్కడ చెప్తే పాపం తగులుతుంది.

వీటి నడుమ వచ్చే డస్ట్ డిస్ట్రిక్ట్ నాకంత నచ్చలేదు. దుమ్ము లేచినప్పుడు గార్డులకూ కనపడదు, మీకూ కనపడదు, అంతే. అక్కడి తలుపుకున్న జిందోష్ తాళం మాత్రం అసలైన లాజిక్ పజిల్. జవాబు ఆటకో రకంగా మారుతుంది కాబట్టి యూట్యూబ్‌లో చూసి కొడితే తెరుచుకోదు. కాగితం, పెన్ను తీసుకుని విప్పితే మిషన్ మొత్తం దాటేయొచ్చు.

అసలు లోపం వేరే ఉంది. చంపితే కేయాస్ (మీ హింసకు గేమ్ వేసే లెక్క) పెరిగి ముగింపు చెడుతుంది. కానీ గ్రెనేడ్లు, స్ప్రింగ్ రేజర్ అనే ఉచ్చు, పిస్తోలు, కోర్వో ఎలుకల గుంపు అన్నీ చంపడానికే పనికొస్తాయి. కొనిపించి వాడొద్దంటే ఎట్లా? మొదటి భాగం కంటే నయమే: పైనుంచి దూకి స్పృహ తప్పించొచ్చు, కత్తి వేటు అడ్డుకుని మెడ పట్టొచ్చు. చంపకుండా ఆడేవాళ్లు ఎమిలీనే తీసుకుని, శక్తులు పెంచే రూన్లను ముందు ఆమె డామినో శక్తికి పెట్టండి. ముడిపడ్డవాళ్లలో ఒకడికి ఏమైతే అందరికీ అదే అవుతుంది. పూర్తిగా పెంచితే నలుగురిని ముడిపెట్టొచ్చు, ఒకడికి నిద్ర బాణం వేస్తే నలుగురూ పడిపోతారు. పడ్డవాళ్లను మెట్ల అంచునో నీళ్ల పక్కనో వదలొద్దు. జారి నీళ్లలో పడితే చచ్చినట్టే, మిషన్ చివర 'ఒక హత్య' అని చూపించినప్పుడు ఎక్కడ జరిగిందో తెలీక జుట్టు పీక్కోవాలి.

గార్డుల చూపు హార్డ్‌లో మరీ అతి. దీనికి మందు తర్వాత అప్‌డేట్‌లో వచ్చింది: కస్టమ్ డిఫికల్టీలో వాళ్ల చూపు విడిగా తగ్గించుకోవచ్చు. ఒకసారి ముగించాక మళ్లీ ఆడుకునే న్యూ గేమ్ ప్లస్ కూడా అప్‌డేట్‌లోనే వచ్చింది, అందులో ఇద్దరి శక్తులూ కలిపి ఆడొచ్చు.

పీసీలో విడుదలప్పుడు నత్తనడక నడిచి తిట్లు తిన్నది, తర్వాత ప్యాచ్‌లతో కుదురుకుంది. అయినా బరువైన గేమే. 60 జీబీ ఖాళీ ఉండాలి, కంపెనీ సిఫార్సు జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్. 8 జీబీతో మొదలవుతుంది గానీ జనం ఉన్న వీధుల్లో తడబడుతుంది. అప్పుడు ముందు షాడోలు తగ్గించి, అవసరాన్ని బట్టి బొమ్మ స్పష్టతను గేమే తగ్గించుకునే అడాప్టివ్ రిజల్యూషన్ ఆన్ చేయండి. అనంతపురం ఎండల్లో ల్యాప్‌టాప్ మీద ఆడేవాళ్లు సెట్టింగుల్లో వీసింక్ పెట్టి సెకనుకు 60 ఫ్రేములకు కట్టేయడం మంచిది, లేకుంటే ఫ్యాను మోతలో గార్డు అడుగుల చప్పుడే వినపడదు. ఎఫ్5తో సేవ్, ఎఫ్9తో లోడ్ మాటిమాటికీ కొట్టాల్సిన గేమ్ కాబట్టి హార్డ్ డిస్క్‌లో కాక ఎస్‌ఎస్‌డీలోనే వేసుకోండి. కరెంటు పోయే వేళల్లో యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఆడేవాళ్లకైతే ఎఫ్5 ఇంకా ముఖ్యం.