ఎంవీపీ కాలనీలో పిల్లల ఫుట్‌బాల్ కోచింగ్: ఒక పాత గోల్‌కీపర్ అభిప్రాయం

విశాఖలో ఇప్పుడు చాలా టర్ఫ్‌ల (ప్లాస్టిక్ గడ్డి పరిచిన గ్రౌండ్ల) గేట్లకి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతామని ఫ్లెక్సీ కనిపిస్తోంది. రాత్రి ఏడు దాటితే కుర్రాళ్లు గంటల లెక్కన అద్దెకు తీసుకుంటారు కాబట్టి, అంతకుముందు ఖాళీగా ఉండే టైమును పిల్లల క్లాసులతో నింపుతారు. మా మనవరాలిని మొదట అలాంటి చోటే చేర్చాం. ఇరవై మంది పిల్లలు, రెండే బంతులు, పొడుగాటి క్యూ. తన వంతు వచ్చేసరికి పిల్ల గోళ్లు కొరుక్కుంటూ ఉండేది. ఇప్పుడు వెళ్తున్న ఎంవీపీ కాలనీ క్లాసు పూర్తిగా వేరు. ఉన్న పిల్లలకే టైము చాలడం లేదు, పేరు రాయొద్దని కోచ్ గారు అడిగారు. అందుకే పేరు లేకుండా రాస్తున్నాను.

నేను వాల్తేరు రైల్వేలో ఉద్యోగం చేస్తూ చాలా ఏళ్లు గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డవాణ్ణి. పిల్లల కాలికి బంతి ఎన్నిసార్లు తగులుతోంది అన్నదే నాకు మొదటి లెక్క. ఇక్కడ గేటు దాటగానే ప్రతి పిల్లకీ ఒక బంతి ఇస్తారు. ఎనిమిదేళ్ల లోపు వాళ్లకి సైజు 3, ఆపైన పన్నెండేళ్ల దాకా సైజు 4. గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టించడం లేదు. వార్మప్ కూడా బంతితోనే.

కోచ్‌ది పెదజాలరిపేట. చిన్నప్పుడు ఒడ్డున ఇసుకలో ఒట్టి కాళ్లతో ఆడిన మనిషి. కంచరపాలెం ఐటీఐలో చదువుకుని ఏసీ మెకానిక్‌గా మస్కట్ వెళ్లారు. వెళ్లింది కుటుంబం కోసం, ఫుట్‌బాల్ అక్కడ దొరికింది. క్యాంపులో ఉన్న మలయాళీ కుర్రాళ్లు ఆయన్ని తమ సెవెన్స్ జట్టులోకి లాక్కున్నారు. కేరళలో, ముఖ్యంగా మలప్పురం వైపు, ఫ్లడ్‌లైట్ల కింద జట్టుకి ఏడుగురు చొప్పున ఆడే ఆట అది. గల్ఫ్‌కి వెళ్లిన మలయాళీలు దాన్ని వెంట తీసుకెళ్లారు. పగలంతా కంప్రెసర్లు విప్పడం, ఎండ తగ్గాక బంతి. రంజాన్ నెలలో మ్యాచ్‌లు అర్ధరాత్రి దాటేదాకా నడిచేవట. కొన్నాళ్లకి వేరే జట్లు మ్యాచ్‌కి ఇంత అని డబ్బులిచ్చి పిలిచే స్థాయికి వచ్చారు. తర్వాత మోకాలి లిగమెంట్ తెగింది. ఆట ఆగింది. పిల్లల అకాడమీ ఒకదానిలో కోన్లు పరిచే పనికి చేరి, ఒక్కో సర్టిఫికెట్ చేసుకుంటూ కోచ్ అయ్యారు. కరోనా తర్వాత ఇంటికి వచ్చేశారు.

ఆ అకాడమీలో ఒమాన్, ఈజిప్టు, ఫిలిప్పీన్స్, కేరళ పిల్లలు కలిసి ఆడేవారు. వాళ్లందరికీ అర్థమయ్యే భాష ఈయన దగ్గర లేదు. అందుకని మాటలతో చెప్పడం మానేసి, చెప్పాల్సింది ఆటలోనే పిల్లలకి దొరికేలా ఆటను అమర్చడం నేర్చుకున్నారు. ఈ క్లాసు బాగుండటానికి అసలు కారణం ఇదే అని నా నమ్మకం.

ఉదాహరణకి, బంతి రాకముందే వెనక ఎవరున్నారో చూసుకోవాలని మా రోజుల్లో కోచ్‌లు గొంతు చించుకుని అరిచేవారు. ఎవరూ చూసేవారు కాదు. ఈయన అసలు అరవరు. పిల్ల వెనకాల పది అడుగుల దూరంలో నిలబడి ఒక రంగు కోన్ పైకెత్తుతారు. ఎదుటి పిల్లవాడు పాస్ ఇస్తాడు. బంతి కాలికి తగిలేలోపు ఆ రంగేదో చెప్పాలి. చెప్పలేకపోతే బంతి అవతలివాళ్లకి. రెండు వారాలు తిరగకుండానే మా మనవరాలు భుజం మీదుగా చూడటం మొదలుపెట్టింది, ఎవరూ చెప్పకుండానే. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ కింద ఆడేటప్పుడు కూడా చూస్తోంది. నేను ఆడిన జట్లలో ఈ అలవాటు ఉన్నవాళ్లు చాలా తక్కువ.

వారంలో ఒక రోజు అందరూ బలహీనమైన కాలితోనే ఆడాలి. ఇది గల్ఫ్ నుంచి తెచ్చిన పద్ధతని తల్లిదండ్రులు కొందరు అనుకుంటున్నారు. హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు ఎప్పుడో చేయించిన పని ఇది. బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు, డ్రిబ్లింగ్ (బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకుని పరిగెత్తడం) లేని పోటీలు పెట్టేవారాయన. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారం తెచ్చింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఈ సంగతులు మన పిల్లలకి ఎవరూ చెప్పడం లేదన్న బాధ నాకుంది. కోచ్ గారికి ఈ మాట చెబితే, తర్వాతి క్లాసులో పిల్లల్ని కూర్చోబెట్టి, "తాతగారు ఒక కథ చెబుతారు, వినండి" అని నన్ను ముందుకు పిలిచారు.

కోచ్ గారికి ఆదర్శం, మన దేశ జట్టుకి రెండుసార్లు కోచ్‌గా చేసిన స్టీఫెన్ కాన్‌స్టంటైన్. లండన్‌లో పుట్టిన కాన్‌స్టంటైన్ పెద్ద క్లబ్బుల్లో ఆడలేదు. అమెరికాలో, సైప్రస్‌లో ఆడారు. మోకాలి దెబ్బతో ఇరవయ్యారేళ్లకే ఆట వదిలేసి కోచింగ్ పట్టుకున్నారు. నేపాల్, భారత్, మలావి, సూడాన్, రువాండా జట్లకి నేర్పారు, మళ్లీ 2015లో భారత్‌కి. మన జట్టు ఆ ఏడాది ఫిఫా ర్యాంకింగ్స్‌లో 173కి పడిపోయి, 2017 జులైకి 96కి ఎక్కింది. 2019 జనవరి 6న అబుదాబిలో ఆసియా కప్ మ్యాచ్‌లో థాయ్‌లాండ్‌ని 4-1తో కొట్టినప్పుడు మా కోచ్ గారు మస్కట్ నుంచి బస్సెక్కి వెళ్లి స్టాండ్‌లో కూర్చున్నారట. ఛెత్రీ రెండు గోల్స్, అనిరుధ్ థాపా ఒకటి, జేజే ఒకటి. థాపా కీపర్ మీదుగా బంతిని లేపిన తీరు పిల్లలకి ఇప్పటికీ కాలితో చేసి చూపిస్తారు. తర్వాత యూఏఈ, బహ్రెయిన్ చేతిలో ఓడి మనవాళ్లు బయటికొచ్చారు, కాన్‌స్టంటైన్ రాజీనామా చేశారు. "అయినా ఆయన కోచింగ్ మానలేదు బాబాయ్ గారూ, తర్వాత పాకిస్తాన్ జట్టుకి కూడా నేర్పారు" అన్నారు మా కోచ్ గారు. మోకాలు పోయాక తనకి ధైర్యం ఇచ్చింది ఆ మనిషి బతుకేనని చెప్పారు.

క్రమశిక్షణ పిల్లల కంటే పెద్దవాళ్లకే ఎక్కువ. ఒక తండ్రి నెట్ బయట నుంచి "కొట్టరా, కొట్టు!" అని కేకలు పెడుతుంటే కోచ్ దగ్గరికెళ్లి, "అన్నా, వాడు మీ వైపు చూస్తున్నాడు. బంతి వైపు చూడాలి కదా" అన్నారు. ఆ తండ్రి ఇప్పుడు నిశ్శబ్దంగా చూస్తారు, ఆ అబ్బాయి ఆట మెరుగుపడింది. చిన్నపిల్లల చేత హెడర్లు (తలతో బంతి కొట్టడం) కొట్టించరు. అమెరికాలో 2015లో పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకి హెడర్ల మీద నిషేధం ప్రకటించారు, ఇంగ్లండ్‌లో 2020లో ప్రైమరీ పిల్లల ట్రైనింగ్‌లోంచి తీసేశారు. ఇక్కడా అదే పాటిస్తున్నారు. పావుగంటకోసారి నీళ్లు తాగాల్సిందే. గల్ఫ్ ఎండలో వచ్చిన అలవాటట. మన సముద్రపు ఉక్కపోతలో అది చాలా అవసరం.

ఆడపిల్లలు తక్కువే, కానీ పాస్ దగ్గర వాళ్లని పక్కన పెట్టడం నేను చూడలేదు. "తల్లీ, ఎడమ కాలు" అని మా పిల్లని పిలుస్తుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

ఇక లోపాలు. మొదటిది నాకు చాలా ముఖ్యమైనది: గోల్‌కీపింగ్ నేర్పడం లేదు. పిల్లలు వంతులవారీగా గోల్‌లో నిలబడతారు, అంతే. ఎలా పడాలో, మోచేయి, తుంటి దెబ్బ తినకుండా పక్కకి ఎలా వాలాలో, చేతుల వెనక ఒంటిని ఎలా పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. ఒక బాబు మోచేయి చెక్కుకుపోతే వాళ్ల నాయనమ్మ "ఏటి బాబూ ఇది, ఇలగ పడేస్తారా పిల్లోణ్ణి" అని బాధపడింది. ఆవిడ బాధలో న్యాయం ఉంది. ఇది కోచ్ దగ్గర ఎత్తితే దాచకుండా, "నాకు కీపింగ్ రాదు బాబాయ్ గారూ. మీరు చూపిస్తారా?" అని అడిగారు. టర్ఫ్ మీద చూపించనన్నాను. ప్లాస్టిక్ పోగుల మీద జారితే చర్మం లేచిపోతుంది. ఇప్పుడు ఇష్టమున్న పిల్లలకి ఆదివారం పొద్దున్న బీచ్‌లో ఇసుక మీద పడటం నేర్పుతున్నాను. దానికి డబ్బులు లేవు. కానీ ఫీజు తీసుకునే క్లాసులో ఒక కీపింగ్ కోచ్ ఉండటం వాళ్ల బాధ్యత, ఆ మాట వాళ్లకీ చెప్పాను.

రెండోది వేడి. పోగుల మధ్య పోసే నల్ల రబ్బరు గుళికలు ఎండని పట్టేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో నాలుగున్నర బ్యాచ్ పెట్టకూడదు. ఆరింటి బ్యాచ్ దొరికితేనే చేర్చండి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలకి క్లాసులు పోతే వాటి బదులు క్లాసులు పెట్టరు, ఫీజు మాత్రం తగ్గదు. తాగునీరు, టాయిలెట్ శుభ్రంగా ఉన్నాయి. చూసేవాళ్లు కూర్చోవడానికి నీడ లేదు.

ఫీజు నెలకి 2,500 రూపాయలు, వారానికి మూడు క్లాసులు. జెర్సీ సెట్ తప్పనిసరిగా కొనాలి, గుడ్డ నాసిరకం, గాలి ఆడదు. ఇద్దరు పిల్లలున్న మధ్యతరగతి ఇంటికి ఇది బరువే. పెదజాలరిపేట పిల్లలు కొందరి దగ్గర ఫీజు అడగరని అక్కడి తల్లులే నాకు చెప్పారు.

చేర్చాలనుకుంటే ముందు ఒక క్లాసు నెట్ బయట నిలబడి చూడండి, అడ్డు చెప్పరు. బూట్లు కొనేటప్పుడు ఎఫ్‌జీ అని రాసి ఉన్నవి వద్దు, అవి గడ్డి గ్రౌండ్లకి. అడుగున చిన్న చిన్న రబ్బరు బొడిపెలుండే టీఎఫ్ రకం తీసుకోండి. మోకాలి కింద ముందు ఎముకకి దెబ్బ తగలకుండా కట్టుకునే షిన్ గార్డ్స్ మొదటి రోజు నుంచే కావాలి. బంతి కొనక్కర్లేదు, వాళ్లే ఇస్తారు.