నిరి 25.01 నుంచి 25.11 దాకా: తెలుగు టైపు చేసేవాళ్ళకి పనికొస్తుందా?

సాయంత్రాలు నేను వికీసోర్స్‌లో పాత తెలుగు పుస్తకాల ప్రూఫు దిద్దుతుంటాను. ఒక పక్క స్కాన్ చేసిన పేజీ, ఇంకో పక్క టైపు పాఠం, అందుబాటులో నిఘంటువు, ఎక్కడో ఒక టెర్మినల్. ఇవన్నీ పద్నాలుగు అంగుళాల లాప్‌టాప్ మీదే. చాలాకాలం ఐ3తో, అంటే లినక్స్‌లో తెరిచిన విండోల్ని పక్కపక్కన సర్దిపెట్టే ప్రోగ్రాముతో, నెట్టుకొచ్చాను. 2009లో మైకెల్ స్టాపెల్‌బర్గ్ మొదలుపెట్టిన ఐ3కి వంక పెట్టడం కష్టం. నా గొడవ అంతా చోటు గురించే. బెంచీ మీదికి ఇంకో మనిషి వస్తే కూర్చున్నవాళ్ళంతా తలా కాస్త జరిగినట్టు, కొత్త విండో తెరవగానే ఉన్నవి ఇరుకైపోతాయి. ఇంగ్లీషు పాఠమైతే సర్దుకుపోవచ్చు. పాత పుస్తకాల తెలుగులో సమాసాలు పొడుగు, పైగా వత్తు ఏదో సున్న ఏదో తేలాలంటే ఫాంటు పెద్దగా పెట్టుకోవాలి. అప్పుడు సన్నటి విండోలో వరసకి రెండు మాటలు పడితే గొప్ప.

అదే రకం పని చేసే నిరి ఈ చిక్కుని మొదట్లోనే తెంపేసింది. కొత్త విండో తెరిస్తే పాత విండో సైజు మారదు, అంతే. విండోలు అడ్డంగా, అంతులేని వరసలో నిలువు గళ్ళుగా ఉంటాయి, పట్టనివి తెర బయటికి జరుగుతాయి. టచ్‌ప్యాడ్ మీద మూడు వేళ్ళతో లాగితే వరస కదులుతుంది. ఆలోచన కొత్తదేం కాదు, గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్‌కి పేపర్‌డబ్ల్యూఎం అనే ఎక్స్‌టెన్షన్ ముందే ఉంది. దాని స్ఫూర్తితోనే ఇవాన్ మొలొదెత్స్కిఖ్ రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో దీన్ని విడి వేలండ్ కంపోజిటర్‌గా రాశాడు. వేలండ్ అంటే లినక్స్‌లో తెర మీద బొమ్మ చూపించే కొత్త పద్ధతి, కంపోజిటర్ అంటే ఆ పద్ధతిలో విండోల్ని తెర మీద పేర్చే ప్రోగ్రాము. వర్క్‌స్పేసులు కిందికీ పైకీ ఉంటాయి, కావలసినప్పుడు పుడతాయి, ఖాళీ అయితే పోతాయి. మోడ్ (మామూలుగా విండోస్ గుర్తున్న కీ), ఆర్ కలిపి నొక్కితే గడి వెడల్పు మూడో వంతు, సగం, మూడింట రెండు వంతులుగా మారుతుంది. నాకు స్కాన్ పేజీ సగం, పాఠం సగం. నిఘంటువు కుడివైపు తెర బయట కూర్చుంటుంది, మాట దగ్గర ఆగినప్పుడు మాత్రం వస్తుంది.

నన్ను అసలు కట్టిపడేసింది కీబోర్డు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక వాడేవాళ్ళు కాన్ఫిగ్‌లో, అంటే సెట్టింగుల ఫైల్లో, లేఅవుట్ "యూఎస్, ఇన్" అనీ, వేరియంట్‌లో రెండోదానికి "టెల్" అనీ పెట్టుకుంటే చాలు, ఇన్‌పుట్ మెథడ్ ఏదీ అక్కర్లేదు. వేలండ్ మీద ఐ3 లాగే పనిచేసే స్వేలోనూ ఇంతవరకు బానే ఉంటుంది. కానీ అక్కడ తెలుగు లేఅవుట్‌లో ఉండగా షార్ట్‌కట్ నొక్కితే అది "హెచ్" కాదు, తెలుగు అక్షరం అనుకుంటుంది, విండో కదలదు. ప్రతి బైండింగ్‌కీ "టు-కోడ్" తగిలించాలి. నిరి షార్ట్‌కట్ల కోసం లాటిన్ లేఅవుట్‌నే చూస్తుంది కాబట్టి తెలుగులో ఉన్నా మోడ్, హెచ్ పనిచేస్తుంది. ఇంకొకటి, "ట్రాక్-లేఅవుట్" దగ్గర "విండో" అని రాస్తే ఏ విండో భాష ఆ విండోకి గుర్తుంటుంది. ఎడిటర్‌లో తెలుగు, టెర్మినల్‌లో ఇంగ్లీషు. "గిట్ పుల్" కొట్టబోయి తెలుగు అక్షరాలు చూసుకుని తిట్టుకోవడం తప్పింది. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించే ఆర్‌టీఎస్ పద్ధతిలో రాసేవాళ్ళకి మాత్రం ఎఫ్‌సీఐటీఎక్స్5, ఎం17ఎన్ అనే ఇన్‌పుట్ మెథడ్ జంట వేసుకోక తప్పదు.

ఇక 2025 విడుదలల సంగతి. ఆ ఏడాది నుంచే వెర్షన్ నంబర్లు ఏడాది, నెల లెక్కలోకి మారాయి. 25.01లో ఫ్లోటింగ్ విండోలు వచ్చాయి. అంతకుముందు చిన్న డైలాగు బాక్సుకి కూడా ఒక గడి ఇవ్వాల్సి వచ్చేది, చిరాకు. 25.02లో ట్యాబులు. ఇవి నాకు రోజూ పనికొస్తాయి, నిఘంటువు విండోలన్నీ ఒకే గడిలో ఒకదాని వెనక ఒకటి పెడతాను. 25.05లో ఓవర్‌వ్యూ, అంటే మోడ్, ఓ నొక్కగానే అన్నీ దూరంగా జరిగి చిన్నవై కనిపిస్తాయి. విండో ఎక్కడ పోయిందో అన్న టెన్షన్‌కి ఇదే మందు. దాంతోపాటు వచ్చిన ఎడమ పై మూల హాట్ కార్నర్ మాత్రం నాకు నచ్చలేదు, మౌస్ అటు పోతే చాలు ఓవర్‌వ్యూ తెరుచుకుంటుంది. ఆపేసుకోవచ్చు, ఆపేశాను.

25.08 పైకి ఆర్భాటం లేదు గానీ నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం. వేలండ్‌కి ముందున్న ఎక్స్11 పద్ధతి మాత్రమే తెలిసిన పాత ప్రోగ్రాముల కోసం ఎక్స్‌వేలండ్-శాటిలైట్‌ని మనమే నడిపించుకునే బాధ తీరింది, ఇన్‌స్టాల్ చేసి ఉంటే నిరి తనే చూసుకుంటుంది. స్క్రీన్ రీడర్‌కి కొంత మద్దతు కూడా ఇందులోనే మొదలైంది. 25.11లో ఆల్ట్-ట్యాబ్ వచ్చింది, కాన్ఫిగ్‌ని ముక్కలుగా విడగొట్టే వీలూ వచ్చింది. నా కీబోర్డు సెట్టింగులన్నీ ఇప్పుడు ఒక విడి ఫైల్లో ఉన్నాయి, ఆఫీసు మెషీన్‌లోనూ అదే. కాన్ఫిగ్‌లో ఒక బ్రాకెట్ మరిచినా తెర నల్లబడదు. పైన తప్పుందని చూపించి, పాత సెట్టింగులతోనే నడుస్తుంది. ఆఫీసు మీటింగులో స్క్రీన్ షేర్ చేసేవాళ్ళకి ఒక ఉపకారం కూడా ఉంది, చాట్ విండోకి రూలు రాసి పెడితే అవతలివాళ్ళకి అక్కడ నల్లటి దీర్ఘచతురస్రం మాత్రమే కనబడుతుంది.

ఇది పూర్తి డెస్క్‌టాప్ కాదని మాత్రం గట్టిగా చెప్పాలి. వైఫై మెనూ, బ్యాటరీ గుర్తు, నోటిఫికేషన్లు, లాక్ ఏదీ దానంతట రాదు. వేబార్, మాకో, స్వేలాక్ లాంటివి ఏరి కూర్చుకోవాలి, ఒక ఆదివారం పోయినట్టే. గ్నోమ్‌లో హాయిగా ఉన్న మా తమ్ముడికి నేనైతే చెప్పను. పెద్ద మానిటర్ ఉండి, నాలుగు విండోలు పక్కపక్కన ఎప్పుడూ కనబడాలనుకునేవాళ్ళకి ఐ3, స్వేలే మేలు. కంటికి ఆనని విండో ఉండటమే వాళ్ళకి నచ్చదు.

ఫెడోరా, ఆర్చ్ రెండిటి రిపాజిటరీల్లోనూ నిరి ఉంది. ఉన్న డెస్క్‌టాప్ తీసేయకుండానే వేసుకుని, లాగిన్ తెర మీద సెషన్ మార్చి చూడండి. మొదట మోడ్, షిఫ్ట్, స్లాష్ నొక్కితే ముఖ్యమైన షార్ట్‌కట్ల పట్టీ వస్తుంది.