లావెండర్‌కు ఏది మేలు: విత్తనమా, కొమ్మా, నేల అంటా?

నర్సరీ నుంచి తెచ్చుకున్న ఒక్క లావెండర్ మొక్కను నాలుగైదు చేసుకోవాలనుకునేవారు ముందు దాని రకమేమిటో తెలుసుకోవాలి. నూనె కోసం విస్తారంగా పెంచే లావండిన్ అనే లావెండర్ రకం సంకరజాతి కావడంతో దానికి మొలకెత్తే గింజలు పట్టవు. ఇంగ్లిష్ లావెండర్‌కు గింజలు పడతాయి గానీ, వాటిని తడి ఇసుకలో కలిపి మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచితే తప్ప సరిగా మొలవవు. పెరిగిన మొక్కలకు తల్లిమొక్క రంగు, వాసనలే వస్తాయన్న భరోసా కూడా లేదు. మీకు నచ్చింది ఆ పరిమళమే అయితే విత్తనాల జోలికి వెళ్లవద్దనే చెబుతాను.

ఇక కొమ్మను నీళ్లలో పెట్టాలా, ఇసుకలో గుచ్చాలా? మనీప్లాంట్ పెంచిన అలవాటు కొద్దీ చాలామంది సీసా నీళ్లలోనే పెడతారు. లావెండర్ మధ్యధరా తీరపు రాతినేలల మొక్క కనుక, నీళ్లలో కొమ్మ మొదలు నల్లబడి జిగటగా కుళ్లిపోవడమే ఎక్కువ. వేర్లు వచ్చినా పెళుసుగా ఉండి, మట్టిలోకి మార్చినప్పుడు విరిగిపోతాయి. ఇసుకే మేలు. పూమొగ్గ లేకుండా, మొదలు అప్పుడప్పుడే ముదురుతున్న కొమ్మను 8–10 సెంటీమీటర్ల పొడవున, కణుపుకు కాస్త కిందుగా కోసి, కింది సగం ఆకులు దూసేసి, ముతక ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సమపాళ్లలో కలిపిన చిన్న కుండీలో గుచ్చి, నేరుగా ఎండ పడని వెలుతురులో ఉంచాలి. పైన పాలిథిన్ కవరు కప్పితే కొమ్మ వాడదు. అయితే నూగున్న ఆ బూడిదరంగు ఆకులకు చెమ్మ నిలిస్తే బూజు పడుతుంది కాబట్టి రోజూ కాసేపు కవరు తీసి గాలి తగలనివ్వాలి. నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత కొమ్మను రెండు వేళ్లతో పట్టి మెల్లగా పైకి లాగి చూడండి. ఊడి రాకుండా బిగువుగా ఉంటే వేరు పట్టినట్లే.

మందారం, నందివర్ధనం కొమ్మలు గుచ్చే వానాకాలం దీనికి పనికిరాదు. మన దేశంలో ఇది పొలాల్లో పండుతున్నది జమ్మూ ప్రాంతంలోని భదర్వా వంటి చల్లని కొండసీమల్లో; హైదరాబాద్ మేడల మీద నవంబరు, డిసెంబరు నెలలే అనువైనవి.

ఉన్నది ఒకే మొక్క, అదీ నీరసించి ఉంటే మాత్రం నేల అంటుకే నా ఓటు. పక్కన మరో కుండీ పెట్టి, కింది కొమ్మను వంచి, దాని నడిమి భాగాన్ని మట్టిలో పూడ్చి, చివర బయటికి ఉంచి, మీద ఒక రాయి పెట్టాలి. వేరు పట్టడానికి నెలలు పడుతుంది, ఒకటి రెండు మొక్కలకు మించి రావు. కానీ తల్లిమొక్క ఆహారం అందిస్తూనే ఉంటుంది కాబట్టి కొమ్మ ఎండిపోయే భయం తక్కువ. కొత్త చిగుళ్లు బలంగా వచ్చాకే తల్లి నుంచి వేరుచేయాలి.